లోపలి మెకానిక్కు

"ఆ సంగటి తర్వాత కెలుకుదువుగానీ, ముందు ఇట్ల రా," అన్నాడు మా ఆయన దయానందం, తెర పక్కకు లాగి. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ప్రొద్దుటూరులో మా షాపంటే మా ఇంటి ముందు గదే. షాపుకీ వంటింటికీ మధ్య పూల తెర. తెర అవతల ఆయన కౌంటరు, తిరిగే కుర్చీ, ఫోను. తెర ఇవతల నా పొయ్యి, పొయ్యి పక్కనే నా టేబులు, నా మీటరు, నా టంకం కడ్డీ. బయట బోర్డు మీద 'దయానంద్ లాప్‌టాప్ సర్వీస్' అని ఎర్ర అక్షరాలు. కడప పాలిటెక్నిక్కులో ఎలక్ట్రానిక్స్ ఫస్టు క్లాసులో పాసైనదాన్ని నేను. ఆయన చేసింది మూడు నెలల కోర్సు, అదీ సగంలో మానేశాడు. చెడ్డ మనిషని అననుగానీ మాటకారి. కస్టమరు చేతిలోంచి మిషను తీసుకోవడం ఆయనకు వచ్చు, దాన్ని బతికించడం నాకు వచ్చు. "లోపల మావాడు చూస్తాడు, సాయంత్రం రాండి" అంటాడు అందరితో. ఏడేళ్ళుగా ఆ 'మావాడు' నేనే. మొదట్లో నవ్వొచ్చేది. ఒకసారి గాలికి తెర లేచి ఎవరో నన్ను చూశారు. చేతిలో ఊడదీసిన లాప్‌టాప్‌తో ఉన్నాను. "మా ఇంటామె, దుమ్ము తుడుస్తాంది," అన్నాడు ఈయన, కొంచెం కూడా తడబడకుండా. ఆ రోజు నుంచి నవ్వు రావడం మానేసింది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అది వట్టి సామెతేనని చిన్నప్పుడు అనుకున్నాను. మా అత్త సుబ్బమ్మ అయితే, "స్క్రూడ్రైవరు పట్టిన చేత్తో కెలికితే సంగటి ఇనుము వాసనొస్తాది," అంటూనే రెండు ముద్దలు మింగేది.

ఆ రోజు సంగతేమిటంటే, జమ్మలమడుగు అవతల ఒక పల్లె నుంచి ఫోనొచ్చింది. ఆ ఊరి పార్టీ పెద్ద చిన్నసుబ్బయ్య మనిషి వెంకటేశు చేశాడు. సొసైటీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఓటర్ల జాబితా మీద అభ్యంతరాలు మరుసటి రోజు సాయంత్రంలోగా ఇవ్వాలి. వాళ్ళు రాసుకున్న అభ్యంతరాలన్నీ లాప్‌టాప్‌లో ఉన్నాయి. అది మాత్రం లేవడం లేదు. పదిహేను రోజుల కిందట కీబోర్డు మార్చడానికి మా దగ్గరికే వచ్చిన మిషను అది. అదే వారం, మా ఖర్మకు, అవతలి పార్టీ వాళ్ళ లాప్‌టాప్ కూడా మా దగ్గరే ఉంది.

"వాళ్ళు నీకేమో చెప్పినారు, నువ్వేమో చేసినావు. నువ్వే వచ్చి మా కండ్ల ముందర లేపు. మిషను గడప దాటదు. లేచిందా సరే. లేయలేదా, నువ్వు ఎవుని మనిషివో మాకు తెలిసిపోతాది," అన్నాడట వెంకటేశు.

మా ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నేను పోతే తిరిగొస్తానా?" అన్నాడు.

ఆ భయం ఉత్తది కాదు. ఆ ఊళ్ళో రెండు పార్టీలకు రెండు వీధులు, రెండు టీ అంగళ్ళు. ఒక వీధి మగవాడు ఇంకో వీధిలోకి పోయి ఇరవై ఏళ్ళయింది. అప్పుడు మా అత్త చెప్పింది, "దీన్ని పంపురా. ఆ కొట్లాటల కాలంలో మొగోళ్ళు చేన్లల్లో దాక్కుంటే కూడూ నీళ్ళూ మోసింది ఎవురనుకున్యావు? మేమే. ఎదురుపార్టీ వాళ్ళు కత్తులు పట్టుకోని నిలబడినా దోవ ఇడిసేటోళ్ళు. ఆడోళ్ళ జోలికి పోరు."

నేను తెడ్డు పట్టుకుని వింటున్నాను. కౌంటరు దగ్గర నిలబడితే పోయే పరువు, ఫాక్షన్ ఇంట్లో నిలబడితే పోదన్నమాట! ఓయమ్మా, ఏం లెక్కరా నాయనా ఇది! భయం లేదని చెప్పను. కానీ దాని కింద ఇంకోటి కూడా ఉంది, చెప్పడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గే. ఆ మిషను ఎందుకు లేవడం లేదో తెలుసుకోవాలని నా చేతులు అప్పుడే ఆత్రపడుతున్నాయి.

"నేను ఫోన్లో చెప్తా ఉంటా," అన్నాడు ఆయన. "నువ్వు నేను చెప్పినట్టు చేస్తాండావని వాళ్ళకు తెలియాల. నీకు నువ్వే చేసినట్టు చేయొద్దు. సరేనా?"

సరేనన్నాను. ఏడేళ్ళ అలవాటు.

జమ్మలమడుగు దాకా బస్సు. బస్టాండులో వాళ్ళ జీపు. ఆ ఇంటి గేటు దగ్గర ఇద్దరు నా సంచి విప్పి చూశారు. మీటరు బయటికి తీసి, ఎర్ర వైరూ నల్ల వైరూ చూసి వెనక్కి జరిగాడు ఒకడు. "ఏందమ్మా ఇది?" అన్నాడు. "కరెంటు ఉందో లేదో చూసేదప్పా. పేలదులే," అన్నాను. ఇంకోడు ఫక్కున నవ్వాడు.

హాలులో ఏడెనిమిది మంది ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. మధ్యలో సోఫాలో చిన్నసుబ్బయ్య, తెల్ల మీసాల మనిషి. నన్ను చూసి ఆయన మొహం చిట్లించాడు. "మెకానిక్కును రమ్మంటే ఆడమనిషిని పంపినాడే!" అన్నాడు వెంకటేశుతో. నేను ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచాను. "నమస్కారమన్నా, నేను చెప్తాంటా, మా ఇంటామె చేస్తాది," అంది ఫోను.

ముందు గోడ ప్లగ్గులో మీటరు పెట్టాను. కరెంటు బాగానే ఉంది. వాళ్ళ అడాప్టరు కొనకు పెట్టాను. పంతొమ్మిది వోల్టులు, అదీ బాగానే ఉంది. మిషనుకు పెడితే మాత్రం లైటు వెలగలేదు. బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్ నొక్కిపట్టి ముప్పై లెక్కపెట్టాను. లోపల ఇరుక్కున్న కరెంటేదైనా ఉంటే అట్లా దిగిపోతుంది, సగం మిషన్లు దానికే లేస్తాయి. ఇది లేవలేదు. నేను తెచ్చుకున్న అడాప్టరు పెట్టాను. దానికీ పలకలేదు. అంటే కరెంటు గుమ్మం దాకా వస్తోంది, లోపలికి పోవడం లేదు.

"ఏమైంది?" అంది ఫోను.

"లైటు రాలేదు."

"అయితే బోర్డు పోయింటాది. బోర్డు మార్చాలని చెప్పు, షాపుకు తెచ్చుకో."

ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట! తెలియని ప్రతి జబ్బుకూ ఈయన దగ్గర ఉన్నది అదొక్క మాటే. షాపులో ఆ మాట అంటే పోయేదేమీ లేదు, తెర వెనక నేను సరిచేసుకునేదాన్ని. ఇక్కడ ఆ మాట ఎంత దూరం పోతుందో ఆయనకు తట్టలేదు. వెంకటేశు కుర్చీలోంచి లేచాడు. "బోర్డు ఊరికే పోతాదా? ఇప్పినోడే పీకింటాడు. నేను చెప్పలే పెద్దాయనా?" అన్నాడు. హాలంతా ఒక్కసారిగా గుసగుసలు. చిన్నసుబ్బయ్య మాత్రం నా వైపే చూస్తున్నాడు. ఆ చూపు మా షాపు దాకా పోయి వచ్చినట్టు అనిపించింది నాకు.

"బోర్డు పోలేదు," అన్నాను.

"వరమ్మా, నేను చెప్తాండా కదా..." అంది ఫోను. కట్ చేసి సంచిలో వేశాను.

అప్పుడు టార్చి వేసి ఛార్జరు గుచ్చే రంధ్రంలోకి చూశాను. నల్లగా కనబడాల్సిన చోట పచ్చగా ఉంది. అగ్గిపుల్ల పెట్టి గీరితే పొడి రాలింది. వాసన చూశాను. పసుపు! లోపల కుంకుమ కూడా, ఎండి రాయిలాగా. నవ్వు గొంతు దాకా వచ్చింది, ఎట్లా మింగానో ఆ యేసయ్యకే తెలుసు.

"అప్పా, మొన్న దసరాకు దీనికి ఆయుధ పూజ చేసినారా?"

లోపలి గుమ్మంలో ఆ ఇంటావిడ రామేశ్వరమ్మ నిలబడి ఉంది. మగవాళ్ళ తలలన్నీ అటు తిరిగాయి. ఏ ఇంట్లోనైనా అంతే, తప్పు జరిగిందంటే ముందు వంటింటి వైపే చూస్తారు. ఆమె మాత్రం చెంగు నోటికడ్డం పెట్టుకుని, "నన్నేం చూస్తారు? ఆయుధాలకు ఆడోళ్ళ చెయ్యి తగలగూడదని ఈయప్పే కదా అంతా చేసింది," అంది.

చిన్నసుబ్బయ్య మీసం దువ్వుకున్నాడు. "జీపుకు తాళం రంధ్రం కాడ, తుపాకికి మూతికాడ పెట్టినట్టే దీనికీ పెట్టినా. యాడ పెట్టాలో తెలియక ఆ రంధ్రం మీద పెద్ద బొట్టు పెట్టినా. మళ్ళ గుడ్డతో తుడిసినా గదా," అన్నాడు.

"పైన పోయిందప్పా, లోపలిది ఎండిపోయింది. దాని మీద ఛార్జరు గుచ్చితే సగం కూడా పోలేదు. బ్యాటరీలో ఉన్నంతసేపు నడిచింది, అయిపోయినాక పడుకుంది. దీంట్లో ఎవురి కుట్రా లేదు."

సూదితో, పళ్ళ బ్రష్షుతో, స్పిరిట్టుతో ఆ రంధ్రాన్ని శుభ్రం చేశాను. మా అత్త ఇనుము వాసనన్న చేత్తోనే. స్పిరిట్టు ఆరాలి, తొందరపడితే లోపల మెరుపు కొడుతుంది. "అర్ధగంట ఎవురూ ముట్టగూడదు," అన్నాను. ఆ ఇంట్లో మగవాళ్ళకు ఒక ఆడది ముట్టొద్దని చెప్పడం అదే మొదలేమో, అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. రామేశ్వరమ్మ టీ తెచ్చింది. పేపరు గ్లాసులో. మిగతా అందరికీ స్టీలు గ్లాసులు. మా వాళ్ళ ఇండ్లు ఊరికి ఏ పక్కన ఉంటాయో ఆమెకు అడక్కుండానే తెలుసు. నాకూ తెలుసు. తాగాను. "ఇదంతా యాడ నేర్చుకున్యావు?" అని అడిగింది మెల్లగా. "సదువుకున్నామ్మా," అన్నాను. ఆ మాట నోటితో అని ఎన్నేళ్ళయిందో.

బ్యాటరీ పెట్టకుండా వట్టి అడాప్టరుతో బటన్ నొక్కాను. లైటు వెలిగింది. ఫ్యాను తిరిగింది. స్క్రీను మీద వెలుతురొచ్చింది. బ్యాటరీ తగిలిస్తే ఛార్జింగు లైటు కూడా వచ్చింది. వెంకటేశు జాబితా తెరిచి అభ్యంతరాలన్నీ చూసుకుని, "ఉండాయి పెద్దాయనా, అన్నీ ఉండాయి!" అని అరిచాడు.

చిన్నసుబ్బయ్య లేచి నిలబడ్డాడు. "మీ ఆయన శానా పనోడమ్మా. కండ్లతో సూడకుండా ఫోన్లోనే చెప్పి లేపినాడే! ఆ పొద్దు కీబోర్డు మార్చింది గూడా ఆయప్పేనా?"

అవునప్పా అనే మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. ఏడేళ్ళుగా అక్కడే ఉంటోంది అది. అనేస్తే అయిపోతుంది, జీపెక్కి ఇంటికి పోవచ్చు. కాదంటే, ఆ రోజు మిషను విప్పింది నేనేనని ఒప్పుకోవాలి. రేపు అందులో ఏది పోయినా ఈ హాలు నన్నే అడుగుతుంది, ఆడదని దోవ ఇడిసేది ఇక ఉండదు. ఆ పక్క మా ఆయన పరువు కూడా ఉంది. మరి నాది? గాలికి తెర లేచిన రోజు దుమ్ము తుడుస్తాంది అన్నాడే, అప్పుడు నా చేతిలో పన్నెండు గంటలు కూర్చుని బతికించిన బోర్డు ఉంది. ఆ బోర్డు గుర్తొచ్చింది.

"కాదప్పా," అన్నాను. "కీబోర్డు మార్చింది నేనే. ఈ పొద్దు లేపింది నేనే. ఏడేండ్లుగా మా షాపులో లేచిన ప్రతి మిషనూ నేను లేపిందే. మా ఆయన బోర్డు పోయిందన్నాడు, మీరందరూ విన్నారు. దీంట్లో మళ్ళ ఏమన్నా అయితే నన్నే అడగండి."

నాకే ఆశ్చర్యం వేసింది.

మేం విప్పిన ప్రతి మిషనుకూ కింది స్క్రూ మీద చిన్న కాగితం అంటిస్తాం, తేదీ వేసి, సంతకం పెట్టి. మళ్ళీ ఎవరైనా విప్పితే చినుగుతుంది. ఈ మిషను మీద పదిహేను రోజుల కిందటి కాగితం అట్లాగే ఉంది. దాని మీద దయానందం సంతకం, నా చేత్తో పెట్టింది. ఆయన కన్నా బాగా పెడతాను ఆయన సంతకం. దాన్ని గోరుతో లేపేశాను. కొత్తది అంటించి, తేదీ వేసి, వరమ్మ అని రాశాను. చిన్నసుబ్బయ్య అద్దాలు పెట్టుకుని చదివాడు. గేటు దాకా వచ్చి జీపెక్కించాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గడపలోనే ఉన్నాడు. లేచిందని వెంకటేశు ఫోను చేశాడట. ఇంకేం చెప్పాడో ఈయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

మూడో రోజు నేను సంగటి కెలుకుతుంటే షాపు ఫోను మోగింది. తెర అవతల ఈయన గొంతు మామూలుగానే, "లేయడం లేదా? ఏం భయం లేదు, పంపండి, లోపల మావాడు చూస్తాడు," అంటోంది. ఆపైన ఒక ఆడగొంతు, ఫోనులోంచి వంటింటి దాకా వినబడేంత గట్టిగా, "నేను పులివెందుల నుంచి, రామేశ్వరమ్మ చెల్లెల్ని. ఆ వాడెవుడో మాకొద్దప్పా. వరమ్మ ఉందా?"

తర్వాత తెర కదిలింది. మా ఆయన ఫోను చాచి పట్టుకుని నిలబడ్డాడు. "నీకంట," అన్నాడు, నా మొహం చూడకుండా.

తెడ్డు ఆయన చేతికిచ్చాను. తెర దాటి వెళ్ళి ఆ తిరిగే కుర్చీలో కూర్చుని, ఫోను చెవికి పెట్టుకున్నాను.

"నేనే వరమ్మను. చెప్పమ్మా, ఛార్జరు పెడితే లైటు వెలుగుతాందా?"