స్వామివారి బీరకాయ

గోదమ్మకు ఎంగిలంటే ఎంత రోతంటే, గ్లాసు మూతికి కరుచుకొని నీళ్ళు తాగేటోళ్ళ పక్కన కూడా కూసోదు. ఆమె పెనిమిటి శ్రీపాదాచార్యులు గల్లీ చివరి వేణుగోపాలస్వామి గుడిల అర్చకుడు. స్వామికి మధ్యాహ్నం ఆరగింపు ఆమె ఇంట్లనే మడికట్టుకొని వండుతది. కోడలు వసుధది బ్యాంకు ఉద్యోగం. ఆమెను ఆ వంటింటి గడప తొక్కనియ్యదు.

కానీ మేడ మీద వసుధ పెట్టిన బీరపాదంటే గోదమ్మకు మస్తు మురిపెం. "స్వామి తినేది మా ఇంటి పంటే" అని గుడికొచ్చినోళ్ళందరికీ చెప్పుకుంటది. ఆ ఆదివారం పొద్దున కాయలు తెంపుదామని పైకెక్కింది.

పాదు పక్కన ఒక నల్ల డ్రమ్ము. మూత తీసి, మూడేండ్ల మనుమడు వరుణ్ సగం తిని వదిలిన పెరుగన్నం వసుధ దాంట్లకు గీకుతున్నది. గోదమ్మ తొంగిచూసింది. చూడకపోయినా బాగుండు! లోపల తెల్లటి పురుగులు, అన్నం మీద పడి లుకలుకలాడుతున్నయి. అడుగున కారిన నల్ల రసాన్ని వసుధ చెంబుతో పాదు మొదట్ల పోసింది.

"ఛీ ఛీ ఛీ! ఏందే ఇది?"

"ఎరువు అత్తమ్మా. మన పళ్ళాలల్ల మిగిలింది పురుగులు తింటయి, పురుగులు వదిలింది పాదు తింటది. బలం యాడికీ పోదు, ఒక కడుపులకెళ్ళి ఇంకో కడుపులకు పోతది, గంతే."

"అంటే... ఇన్నొద్దులు స్వామికి నేను మీ ఎంగిలి పెట్టిన్నా?"

"శబరి పెట్టలేదా?" నవ్వింది వసుధ.

"శబరి పండు కొరికి చూసింది, పురుగులకు మేపలే! నా మడంతా బూడిదల పోసినవ్ గదే!" గోదమ్మ నోట్ల చెంగు కుక్కుకొని కిందికి ఉరికింది. నీళ్ళు పోసుకునే జాలాట్లకు పోయేలోపే వాంతి అయ్యింది.

ఇప్పుడు స్వామికి ఏం పెట్టాలె? ఆ బీరకాయ పెడితే పాపం, పెట్టకుంటే స్వామి పస్తు. మడి చీర విడిచి, ఆటో ఎక్కి మాదన్నపేట మార్కెట్‌కు పోయింది. దారిల కుళ్ళిన టమాటల కుప్ప, దాంట్ల మూతి పెట్టి మేస్తున్న బర్రె, దాని పొదుగు మీద ఈగలు. ఆ పాలు ఎవరింట్ల పెరుగైతయో అనుకునేసరికి మళ్ళా డోకొచ్చింది.

ఆకుకూరల ఆగమ్మ కాడ తోటకూర నిగనిగలాడుతున్నది. పెండ్లయి ఈ ఊరొచ్చినప్పటి సంది గోదమ్మ ఆకుకూర కొనేది ఆమె దగ్గరనే.

"ఎరువు ఏమేస్తరు?" ఎన్నడూ అడగని మాట ఇయ్యాల అడిగింది.

"మూసీ ఒడ్డుది గదమ్మా, ఎరువెందుకు? ఆ నీళ్ళల్లనే మస్తు బలం."

గోదమ్మ చేతిల కట్ట అట్లనే ఆగింది. ఆ నీళ్ళు ఆమెకు తెల్వయా? వంతెన దాటినప్పుడల్లా ముక్కు మూసుకుంటదాయె. షహరంతా కడిగి, కక్కి, ఏరిగి వదిలిన నీళ్ళు. బలమంటే ఇదా! ఎన్ని పప్పులు, ఎన్ని పులుసులు, ఎన్నేండ్ల ఆరగింపులు! కట్ట కింద పెట్టి చేతులు చెంగుకు తుడుచుకుంది. ఆ చెంగును చూసినా అసహ్యమేసింది.

ఇంటికొచ్చి తలమీద నీళ్ళు పోసుకొని, మడికట్టి, మేడెక్కింది. వసుధ బెదిరి పక్కకు జరిగింది. "నన్ను ముట్టకు" అని గోదమ్మ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకొని బీరకాయలు తెంపింది. ఊరందరి దానికంటే ఇంటోళ్ళదే నయమనుకుంది. వండింది, పంపింది. గుడిల గంట మోగింది.

శ్రీపాదాచార్యులు ప్రసాదం తింటూ, "ఇయ్యాల కూర అమృతమే" అన్నడు. గోదమ్మ ముద్ద నోట్ల పెట్టుకుంది. తియ్యగనే ఉన్నది. అట్ల తియ్యగుండుడే ఆమెకు ఇంకా రోత.

"వసుధా, ఇనుకో. రేపటి సంది ఆ డ్రమ్ముల పిల్లోని పళ్ళెంలది ఒక్కటే వెయ్యి. పసిపిల్లల ఎంగిలి ఎంగిలి గాదు. మీ ఆయనది వేసినవో, చూడు మరి."

"కేశవ్ మీ కొడుకే గద అత్తమ్మా!"

"అందుకే అంటున్న. వాడు బయట ఏమేం తిని వస్తడో నాకు తెల్వదా?"

గోదమ్మ కండ్లు మూసుకొని, ముద్ద మీద ముద్ద నీళ్ళతో మింగి, పళ్ళెంల ఒక్క మెతుకు లేకుండ తుడిచి తిన్నది. మిగిలితే రేపు స్వామి తినేది తన ఎంగిలే.