మధ్యలో చూడలేదు

సుగుణకుమారికి ఏడుపు రాలేదు. వస్తుందని అందరూ ఎదురుచూశారు. మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలూ తలో గిన్నె పట్టుకొచ్చి, సోఫాలో కూర్చుని, ఆమె ముఖంలోకి చూసి చూసి లేచి వెళ్లిపోయారు. దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడన్నారు. ఇంకా వయసుంది కదా అన్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దా? సుగుణ మాత్రం ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు. గిన్నెలు కడిగి ఎవరివి వాళ్లకి పంపించేసింది.

పాప ఒక్క రోజు బతికింది. గురువారం పొద్దున పుట్టి శుక్రవారం పొద్దెక్కేలోపు పోయింది. పేరు లేకుండానే పోయింది. సుగుణ పుట్టింటివాళ్లది ఫిరంగిపురం. జ్ఞానస్నానం నీళ్లు తల మీద పడేదాకా పిల్ల పేరు పైకి అనకూడదని వాళ్లింట్లో పట్టింపు. తల్లీ తండ్రీ కూడా ఒకరితో ఒకరు అనుకోకూడదు. ఆసుపత్రిలో నర్సు మెల్లగా దగ్గరికొచ్చి, ఫాదర్‌ని జ్ఞానస్నానానికి ఇప్పుడే పిలిపించమంటారా అని అడిగింది. పాప దక్కదేమోనన్న సంగతి ఆ అడగడంలోనే ఉంది. సుగుణకి అది అర్థం కాలేదో, అర్థం చేసుకోవడం ఇష్టం లేకపోయిందో. ఆదివారం గుళ్లో అందరి మధ్యా చేయిస్తామని చెప్పి పంపించేసింది.

తర్వాత కొన్నాళ్లకి సమాధి మీద రాయి పెట్టించే పని వచ్చింది. చెక్కేవాడు పేరడుగుతున్నాడని భర్త జోజయ్య రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ "మీ ఇష్టం" అంది సుగుణ. శనివారంలోగా చెప్పకపోతే 'పాప' అని మాత్రం చెక్కేస్తాడట. రాయి మీద ఒకసారి ఎక్కాక మళ్లీ మార్చేదేముంది? జోజయ్య ఇంకోసారి అడగలేదు. రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చి వంటింట్లో నిలబడి తినేసేవాడు. ఆమె టీవీ ముందు కూర్చుని తినేది. ఇద్దరి మధ్యా పోట్లాట లేదు. ఆ మాటకొస్తే ఏమీ లేదు.

సుగుణ ఉద్యోగం మెల్‌బోర్న్‌లో, ఒక యూనివర్సిటీలో. రేడియో టెలిస్కోపు దక్షిణాకాశమంతా జల్లెడ పట్టి, ఎక్కడెక్కడి నుంచి రేడియో తరంగాలు వస్తున్నాయో మచ్చలుగా గీసి పంపుతుంది. ఆ మచ్చలున్న పారదర్శక ఫిల్ము తీసుకెళ్లి, అదే చోటు ఆకాశం ఫొటో మీద పరిచి, కింద దీపం వెలిగే బల్ల మీద భూతద్దంతో చూడాలి. మచ్చ కింద ఏ గెలాక్సీ ఉందో పట్టుకోవాలి. కొన్ని గెలాక్సీల నడిబొడ్డున కృష్ణబిలం అందినదల్లా మింగుతూ రేడియో తరంగాలు వెదజల్లుతుంది. మరికొన్నింట్లో నక్షత్రాలు కుప్పలు తెప్పలుగా పుడుతుంటాయి. నిజానికి ఈ రెండో రకం నుంచి వచ్చేది పుట్టుకల చప్పుడు కాదు. పుట్టినవాటిలో బాగా పెద్దవి కొద్దికాలమే బతికి పేలిపోతాయి, వాటి తాలూకు మిగులు అది. త్వరగా పోయినవాటిని బట్టే పుట్టినవాటిని లెక్కకట్టాలి. కడుపుతో ఉన్న రోజుల్లో ఈ సంగతి జోజయ్యకి తనే నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు తలుచుకోదు.

మచ్చ కింద ఏమీ కనబడకపోతే 'ఖాళీ' అని రాసి పక్కన పెట్టాలి. ఫొటోకి అందనంత దూరాన ఉందని అర్థం.

ఆ గురువారం మధ్యాహ్నం, ఈ సర్వే నడిపే కరోలిన్ వచ్చి పక్కన కూర్చుంది. సెలవు నుంచి తిరిగొచ్చాక సుగుణ చేతిలో ఖాళీలు బాగా పెరిగాయంది. మందలించలేదు. ఒక ఫిల్ము తీసి బల్ల మీద పరిచింది. రెండు మచ్చలు, మధ్యలో బొటనవేలంత ఎడం. సుగుణ మొదటిదాని కింద చూసి ఖాళీ అంది. రెండోదాని కింద చూసి అదీ ఖాళీ అంది. కరోలిన్ ఆ ఎడంలో వేలు పెట్టింది. అక్కడ గుండ్రంగా, నిండుగా ఒక గెలాక్సీ. అది రెండు పక్కలకీ చిమ్మిన పదార్థమే అంత దూరం పోయి రెండు మచ్చలుగా తేలింది. తను మాత్రం చడీచప్పుడూ లేకుండా నడుమ ఉంది. మధ్యలో చూడలేదా అని కరోలిన్ అడిగింది.

చూడలేదంది సుగుణ. కొత్తగా చేరినవాళ్లకి ఈ పాఠం అరటిపండు ఒలిచినట్టు చెప్పేది సుగుణే. అయినా సిగ్గేమీ అనిపించలేదు. ఫిల్ములన్నీ తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టింది. జతలు జతలుగా ఉన్న ఖాళీల మధ్య ఒక్కొక్కటే గెలాక్సీ బయటపడుతూ వచ్చింది. ఎన్నో జతకో చెయ్యి ఆగిపోయింది. జోజయ్య పాపకి ఏం పేరనుకున్నాడో తనకి తెలియదు. ఇన్నాళ్లలో ఒక్కసారీ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి జోజయ్య బంగాళాదుంపలు వేయిస్తున్నాడు. సుగుణ భుజాన సంచీ అలాగే ఉంచుకుని వంటింట్లో కుర్చీ లాక్కుంది.

"ఏవండీ, మీరు పాపకి ఏం పేరనుకున్నారు?"

గరిటె ఆగింది. వెనక్కి తిరక్కుండానే చెప్పాడు.

"హెలెనా. మా నాయనమ్మ పేరు. ఫాదర్ అడిగినప్పుడు చెబుదామని నోట్లోనే పెట్టుకున్నా. నువ్వేమనుకున్నావ్?"

"నేనేమీ అనుకోలేదండీ. ఆదివారం దాకా టైముందిగా అనుకున్నా." భుజాన సంచీ దించింది. "నర్సు అడిగింది. వద్దన్నది నేనే."

"నేనూ పక్కనే ఉన్నా సుగుణా. నాకు అర్థమైంది. అయినా నోరు పెగల్లేదు."

దుంపలు మాడుతున్నాయి. ఇద్దరూ అటు చూడలేదు. సుగుణ ఆ పేరు నోట్లోనే ఒకసారి అనుకుని చూసింది. తర్వాత పైకి అంది.

"హెలెనా."

ఇంకోసారి, పక్కగదిలో ఉన్న పిల్లని పిలిచినట్టు, కాస్త గట్టిగా అంది. ఎవరూ పలకలేదు. జోజయ్య పొయ్యి కట్టేసి ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. సుగుణ ఇక ఆపుకోలేకపోయింది.