కొడుకుల దెబ్బలు

“గోగుపూలు కోసిందెవ్వరే పిల్లా, గోడ మీద ఆరేసిందెవ్వరే...” ఆ తరవాత ఏముందో లోయిస్‌కి ఎప్పుడూ గుర్తు రాదు. బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లు క్వార్టర్లలో చిన్నప్పుడు పాడుకున్నది. ఇవాళా అంతవరకే పాడుకుంటూ, వాచిన భుజానికి సున్నం, పసుపు కలిపి పట్టు వేసుకుంది.

న్యూ టౌన్‌లో, బెంగాలీల మధ్య, ఆ నాలుగంతస్తుల బిల్డింగులో తల్లులకి పొద్దుటే పట్టు వేసుకోవడం పళ్లు తోముకోవడం లాంటిదే. కొడుకు తన్నులు తింటే దెబ్బ తల్లి ఒంటిమీద తేలుతుంది. వాడి చొక్కా కూడా నలగదు. కన్నదానికే అని కాదు, ఆఖరి ముద్ద ఎవరి చేత్తో తిన్నాడో వాళ్లకి. పైనున్న జగ్గమ్మకి పిల్లలు లేరు. అయినా అన్నం పెట్టి పెంచిన రాజా ఫుట్‌బాల్ దగ్గర కొట్టుకుంటే ఆవిడ పన్నే ఊడింది. “ఎవరితో పెట్టుకున్నాడమ్మా?” అని అడిగి, ఐసు ముక్కలిచ్చి వెళ్లారందరూ.

లోయిస్ కొడుకు జాబేజ్ క్యాబు నడుపుతాడు. కింది ఫ్లాటులో సాకేత్ అని, హైదరాబాదు నుంచి తల్లితో వచ్చిన సాఫ్ట్‌వేరు అబ్బాయి. తన పెద్ద కారు రోజూ జాబేజ్ బండికి అడ్డంగా పెట్టేసి, ఫోనెత్తకుండా పడుకునేవాడు. పొద్దుటి ఎయిర్‌పోర్టు బేరాలన్నీ పోయేవి. మొదట్లో ఇద్దరూ హిందీలో తిట్టుకున్నారు. ఒకనాడు సాకేత్ గొణిగిన బూతు తెలుగులో ఉంది.

“తెలుగోడివేటి?” అన్నాడు జాబేజ్.

“అయితే? చుట్టరికం కలుపుతవా?”

దూరదేశంలో మనవాడు కనబడితే కావలించుకుంటారని వింటాం. వీళ్లు ఆ రోజు నుంచే ఒకరి మీద ఒకరు చెయ్యి చేసుకోవడం మొదలెట్టారు. ఏం చిత్రమో, పరాయి మాటలో తిట్టు చర్మానికి తగిలితే, సొంత మాటలోది ఎముకకి తగులుతుంది కాబోలు.

లోయిస్ ఓనాడు మెట్ల మీద సాకేత్ తల్లి భానుమతికి ఎదురుపడింది. ఆవిడ కన్ను మూసుకుపోయింది. చెంప మీద చిన్న శిలువ అచ్చు నల్లగా కమిలి ఉంది. జాబేజ్ ఉంగరం మీది శిలువ.

“మావోడి చెయ్యేనమ్మా అది.”

“తెలుసండీ. మీ భుజం మావాడిదేగా,” అంది భానుమతి. “రండి వదినగారూ, కాఫీ తాగుదాం. నమలడానికి పళ్లు లేవు గాని, తాగడానికి లోటు లేదు.”

అప్పట్నుంచి ఇద్దరూ ఒకే గిన్నెలో పట్టు కలుపుకునేవారు. కొడుకులకి చెప్పీ చూశారు.

“కారు తీస్తే ఓడిపోయినట్టే మమ్మీ,” అన్నాడు సాకేత్.

“నీకేటి తెల్దు, ఊరుకోయే,” అన్నాడు జాబేజ్.

ఓ శనివారం పొద్దున్న జాబేజ్ మంచం కిందనుంచి జాకీ రాడ్డు తీశాడు. టీ అడిగినంత మామూలుగా, “ఇయ్యాల తల పగలగొట్టేస్తాను,” అన్నాడు.

“పగిలేది ఎవరి తలరా?”

వాడు రాడ్డు భుజాన వేసుకుని దిగిపోయాడు. లోయిస్ గిన్నెలో పెరుగన్నం కలుపుకుని కింది ఫ్లాటుకి దిగింది. సాకేత్ గుమ్మంలో బూట్లు వేసుకుంటున్నాడు. లోపల భానుమతి స్నానం చేస్తున్న చప్పుడు.

“బాబూ, నోరు తెరు.”

“లేటైతుంది ఆంటీ.”

“ఒక్క ముద్ద.”

విసుక్కుంటూనే తిన్నాడు. మూతి తుడుచుకుని కిందికెళ్లాడు. లోయిస్ గోడ పట్టుకుని మెట్టు మీద కూచుంది.

కింద రాడ్డు సాకేత్ నడినెత్తిన పడింది. వాడి పాపిడి చెదరలేదు. మెట్ల మీద లోయిస్ తల కొబ్బరికాయలా విచ్చుకుని, రక్తం మెట్టు నుంచి మెట్టుకి దిగింది. జాబేజ్ రెండోసారి రాడ్డెత్తాడు గాని, పైనుంచి వచ్చిన కేక ఎవరిదో పోల్చుకోగానే చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

భానుమతి తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది. చెక్కుచెదరని తన తల తడుముకుంది. గడప దగ్గర మెతుకులున్న గిన్నె చూసింది. కూలబడి, లోయిస్ తలని ఒళ్లోకి తీసుకుంది.

“నా కొడుక్కి నేను పెట్టుకునేదాన్ని కదే, వదినా.”