రెండు గులాబీ అంట్లు

స్టీఫెన్ చెయ్యి చేసుకున్న మర్నాడు గుంత తవ్వడం లూదియా పని. నంద్యాల బడిలో పాఠాలు చెప్పి, నర్సరీలో గులాబీ అంటు కొని, ఆళ్లగడ్డ బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వస్తాడు ఆమె మొగుడు. చిగురు విరుగుతుందని పక్కనున్నవాళ్ళను జరగమంటాడు కూడా. వాకిట్లో దించి "నాటుకో" అంటాడు. తప్పయిందనే మాట మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు మహానుభావుడు.

తోట అలా పెరిగిందే. వాకిలి పక్కనున్న ముద్ద ఎర్రది పెళ్ళయిన ఏడాది, పులుసులో ఉప్పెక్కువైనందుకు. ఆ రోజు చెవితమ్మె చినిగింది. గోడవార పసుపుపచ్చది, అంగన్‌వాడీ కొలువుకు అర్జీ పెట్టుకుంటానన్నందుకు. బెల్టు కొస వీపులో దిగిన చోటు ఇప్పటికీ రవిక రాసుకుంటే మండుతుంది. తెల్లదానికి కారణమే లేదు, అతనికి ఆ రోజు తలనొప్పి. అయినా లూదియా వాటికి పశువుల ఎరువు వేసింది, చలికాలం మొదట్లో కొమ్మలు కత్తిరించింది, అంటు కింద అడవి పిలకలు లేస్తే మొదలంటా పీకేసింది. నీళ్ళు మానేస్తే ఎండిపోయేవే. చెట్టేం పాపం చేసిందని ఆమెకు చేతులు రాలేదు.

ఆదివారం ఆ పూలన్నీ చర్చి బల్ల మీదికి పోతాయి. "స్టీఫెన్ సారు కుటుంబం తెచ్చిన పూలు" అని పాస్టరయ్య చదువుతాడు. లూదియా చేతుల మీది గాట్లు చూసి ఆడవాళ్ళు నవ్వుతారు. "ఆ ముండ్లు నిన్ను గీరుతాండాయి గానీ, సారు మాత్రం బంగారమేనే!" ఆమె కూడా నవ్వి కొంగు కప్పుకుంటుంది. ఇంట్లో అత్త ప్రమీలమ్మకైతే గర్వం. "నా మొగుడు కొట్టి కల్లు తాగను పోయేటోడు. నా కొడుకు కొట్టినా చెట్టు తెస్తాండాడు. అదృష్టముండాల" అంటుంది.

సోమవారం చొక్కాకు ఇస్త్రీ సరిగా లేదని స్టీఫెన్ ఆమె జుట్టు చుట్టిపట్టి తలను గోడకు కొట్టాడు. ఏడో తరగతి చదివే కూతురు బ్లెస్సీ అడ్డమొచ్చింది. "ఎందుకు కొడ్తాండావ్ నాయనా?" అని అరిచింది. అతను ఆ పిల్లను ఎత్తి తలుపు మీదికి విసిరాడు. గడియ తగిలి కనుబొమ్మ చీలింది. లూదియా కొంగుతో అదిమి పట్టుకుంది. ఎంత అదిమినా నెత్తురు వేళ్ళ సందుల్లోంచి కారింది. స్టీఫెన్ చెయ్యి కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

మర్నాడు సాయంత్రం వాళ్ళ వాకిట్లోనే ఆడవాళ్ళ ప్రార్థన కూటం. పాట నడుస్తుండగా స్టీఫెన్ బస్సు దిగి వచ్చాడు. రెండు చేతుల్లో రెండు అంట్లు.

"రెండు తెచ్చినాడే! ఏం ప్రేమ సారుకి!" అన్నారు ఆడవాళ్ళు.

రెండోది చిన్నది, గులాబిరంగు మొగ్గతో ఉంది. అదెవరిదో లూదియాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నుదుటికి కట్టుతో బ్లెస్సీ లోపల్నుంచి వచ్చింది, ఆ చిన్న అంటును చూసింది, పోయి మూలనున్న పార తెచ్చుకుంది.

"అమ్మా, నాది యాడ నాటేది?"

లూదియా కూతురి చేతిలో పార లాక్కుని విసిరేసింది. ఎర్రచెట్టు దగ్గరికి పోయి జుట్టు పక్కకు తీసి చినిగిన చెవి చూపించి, "ఈ చెట్టు దీనికి తెచ్చినాడు" అంది. పసుపుదాని దగ్గర వీపు తిప్పి కొంగు జార్చింది. పాట ఆగిపోయింది.

"ఏందే ఈ కూతలు? లోపలికి పో!" స్టీఫెన్ చెయ్యి లేచింది. కూర్చున్న ఆడవాళ్ళందరూ ఆ చేతినే చూస్తున్నారు. అది మెల్లగా దిగింది.

"ఇంటి పరువు తీస్తాండావ్ కదే!" అని ప్రమీలమ్మ నెత్తి కొట్టుకుంది.

లూదియా ఆ చిన్న అంటును చంకలో పెట్టుకుని, బ్లెస్సీ చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది.

"యాడికే?" పాస్టరమ్మ లేచి నిలబడింది.

"స్టేషన్‌కి, అమ్మగారూ. ఇది నాటేదానికి కాదు, పోలీసోళ్ళకు చూపించేదానికి. మీరెవరన్నా వస్తాండారా?"