నూనెగుడ్డల పీపా

నేను ఒక ఇనప పీపాను. నిజం చెప్పాలంటే పూర్తి పీపాను కూడా కాదు, సగం పీపాను. ఒకప్పుడు కడుపునిండా ఇంజనాయిల్‌తో రాజమండ్రి వచ్చాను. ఆయిల్ అయిపోయాక ఒక వెల్డింగు షాపాయన నన్ను నడుముకి అడ్డంగా కోసి, పైసగం ఎవరికో అమ్మేశాడు. కిందిసగానికి, అంటే నాకు, బిగువుగా కూర్చునే మూత చేసి, ఎత్తడానికి రెండు చెవులు అతికించాడు. ఆ పైసగం ఎక్కడుందో నాకు తెలీదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

నన్ను కొన్నది కోటాచారిగారు. ఊరి చివర ఆయనకి చెక్కపని షాపుంది. తలుపులు, కిటికీలు, గుమ్మాలు చేసి ఇస్తారు. ఎనిమిది మంది పనివాళ్లు. ఆచారిగారి చేతిలో పనితనం, నోట్లో వెటకారం. రెంటిలో ఏది ఎక్కువ పదునో చెప్పడం కష్టం. ఆయన నన్ను ముచ్చటపడి కొనలేదు. నూకరత్నం పోరు పడలేక కొన్నారు.

రత్నం ఆ షాపులో తలుపులకి ఉప్పుకాగితం పట్టి, అవిసెనూనె రుద్ది, సాయంత్రం అంతా ఊడ్చిపెట్టే మనిషి. ఫైరాఫీసు వాళ్లు షాపుకొకరిని మీటింగుకి పంపమంటే, ఆచారిగారు బాగా ఆలోచించి, ఎవరు లేకపోయినా పని ఆగదనుకున్నారో వాళ్లని పంపారు. అలా వెళ్లింది రత్నం. ముందు వరసలో కూర్చుని, ఇచ్చిన టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వింది. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే గొడవ. అవిసెనూనె తుడిచిన గుడ్డల్ని కుప్ప పోస్తే వాటంతటవే వేడెక్కి, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటాయిట. మూత ఉన్న ఇనప డబ్బాలో నీళ్లు పోసి, అందులో వెయ్యాలిట.

"గుడ్డలకి జ్వరం వస్తుందా రత్నం? అయితే పద, డాక్టర్ని పిలుద్దాం," అన్నారు ఆచారిగారు. అందరూ పగలబడి నవ్వారు.

"నవ్వండి ఆచారిగారూ, నవ్వితే నాకేం పోదు. డబ్బా మాత్రం కొనండి," అంది రత్నం.

నేను రాకముందు ఆ గుడ్డల్ని వారానికోసారి పెరట్లో తగలబెట్టేవారట. బ్రష్షులు కడిగిన తిన్నరు నేరుగా మురుక్కాలవలోకి. రత్నం అన్నీ మాన్పించింది. తిన్నరుకి వేరే క్యాను పెట్టించింది, గుడ్డలకి నన్ను పెట్టించింది. ఇలాంటి చెత్తని జాగ్రత్తగా వదిలించే కంపెనీ బండి నెలకోసారి వచ్చి పట్టుకెళ్లేది. నేను కంపు కొట్టేదాన్నే, కాదనను. అయినా రోజూ సాయంత్రం మూత నొక్కి, అరచేత్తో ఒక్కసారి తట్టి వెళ్లేది రత్నం. ఆ తట్టు కోసం పొద్దుట్నుంచీ ఎదురుచూసేదాన్ని.

దసరా వచ్చింది. చెక్కపని వాళ్లకి ఆయుధపూజంటే ఎంత పెద్ద పండగో మీకు తెలియంది కాదు. పనిముట్లన్నీ తుడిచి, గంధం కుంకుమ పెట్టి, అమ్మవారి పటం ముందు పేరుస్తారు. ఆ ఏడు ఇంకో హడావిడి కూడా ఉంది. ఒక కల్యాణమండపానికి చేసిన ఇరవై జతల టేకు తలుపులు గోడకి ఆనించి ఉన్నాయి. పండగ మర్నాడు లారీ వస్తుంది. ఎనిమిది మంది ఆర్నెల్ల కష్టం అది. పూజపూట పొద్దున్నే వాటికి ఆఖరిసారి నూనె రుద్దారు.

పటానికి పీట కావాల్సొచ్చి, ఆచారిగారి కన్ను నామీద పడింది. "నిన్ననే బండి పట్టుకెళ్లింది, ఖాళీగానే ఉందిగా, శుభ్రంగా కడిగి బోర్లించండి, ఎత్తు సరిపోతుంది," అన్నారు. మరి పొద్దుటి గుడ్డలు? గోనెసంచిలో కుక్కి, కంటికి ఆనకుండా తలుపుల వెనక్కి తోశారు. రత్నం పులిహోర గిన్నెతో వస్తూనే "గుడ్డలేవండీ?" అనడిగింది.

"ఎక్కడో సర్దాంలే. పండగపూట కూడానా? ముందు దణ్ణం పెట్టుకో," అన్నారాయన.

నేనో? పట్టుగుడ్డ కప్పించుకుని, అమ్మవారిని మోస్తూ పొంగిపోయాను. ఉన్నమాట చెబుతున్నాను, గుడ్డల సంగతి నాకూ గుర్తు లేదు. ఇక మనుషుల్ని ఏమనను?

పూజయ్యాక అందరూ పక్క షెడ్డులో భోజనాలకి కూర్చున్నారు. 'ఎక్కడో సర్దాం' అన్న మాటకి రత్నానికి ముద్ద దిగలేదు. విస్తరి ముందు నుంచి లేచొచ్చింది. వస్తూనే మాడిన నూనె వాసన పట్టింది. తలుపుల వెనక నుంచి సన్నగా పొగ.

"ఓరి దేవుడో!" అని ఒక్క క్షణం నిలబడిపోయింది. చేతికందే దూరంలో నీళ్లు లేవు. నేనేమో అమ్మవారి కింద ఉన్నాను. పూజలో ఉన్న పీటని కదపడం ఆచారిగారి షాపులో చిన్న తప్పు కాదు, మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నా అనొచ్చు.

"తల్లీ, తప్పయితే నన్ను ఏమైనా చెయ్యి. నీ బిడ్డల కూడు కాలిపోతోంది," అంటూ పటాన్ని రెండు చేతులా ఎత్తి గుమ్మం దగ్గర పెట్టింది. నన్ను ఒక్క లాగు లాగేసరికి ఉలులు, రంపాలు దబదబా కిందపడ్డాయి. నన్ను తిరగేసి నిలబెట్టి, కర్రతో సంచిని ఇవతలకి ఈడ్చి, పారతో నాలోకి తోసింది. గాలి తగిలి గుప్పుమని మంట లేచింది. గోడవార ఉన్న నా మూత తెచ్చి పెట్టి, దానిమీద బరువుగా ఒక దుంగ పెట్టి గట్టిగా కేక వేసింది.

లోపల నాకు భగభగ మండింది. అడుగంతా ఎర్రగా కాలింది. కానీ గాలి ఆడక ఆ మంట కాసేపటికే చచ్చిపోయింది. నేను మాత్రం మూత వదల్లేదు.

ఆచారిగారు ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చారు. గుమ్మంలో అమ్మవారు, నేలమీద ఉలులు. "పూజ పాడుచేస్తావా! నీకేం పోయేకాలం వచ్చిందే!" అని అరిచారు. రత్నం నావైపు చూపించింది. ఆయన చెయ్యి దగ్గరగా తెచ్చి, చటుక్కున వెనక్కి తీసుకున్నారు. తలుపుల వెనక్కి వెళ్లి చూశారు. ఒక రెక్క అంచు జానెడు మేర నల్లబడింది, అంతే. అక్కడే కూలబడిపోయారు.

"ఆ మీటింగుకి నేను వెళ్లుంటే టీ తాగి వచ్చేసేవాణ్ణి రత్నం," అన్నారు. "ఎనిమిది ఇళ్లు నిలబెట్టావు. నన్ను క్షమించమ్మా."

"అమ్మవారిని ఎక్కడ పెట్టమంటారండీ?" అంది రత్నం, కళ్లు తుడుచుకుంటూ.

"నీ చేత్తోనే పెట్టు. ఎక్కడ పెడితే అక్కడే."

ఆ తర్వాత నాలుగేళ్లు పనిచేశాను. గుడ్డల విషయంలో రత్నం మాటకి ఎదురు చెప్పినవాళ్లు లేరు. చివరికి కాలిన అడుగు చిల్లులు పడింది. కాలితో నొక్కితే మూత తెరుచుకునే కొత్త డబ్బా వచ్చింది. నన్ను తీసుకెళ్లడానికి పాతసామాన్లాయన బండి తెచ్చాడు.

"ఒక్క గంట ఆగు బాబూ," అంది రత్నం. రంపపు పొట్టుతో లోపలి జిడ్డంతా రుద్ది, ఆ పొట్టుని ఒక్క పలుకు కూడా కిందపడకుండా కొత్త డబ్బాలో వేసింది. నన్ను సబ్బునీళ్లతో తుడిచి, ఎండలో పెట్టింది.

"తుక్కులోకి పోయేదానికి స్నానమేంటమ్మా?" అని నవ్వాడతను.

"దీన్ని కోసేవాళ్లు గ్యాసుమంటతో కోస్తారు. లోపల జిడ్డుంటే భగ్గుమని మొహం మీదకి లేస్తుంది. ఆ మనిషెవరో నాకు తెలీదులే. అతనింట్లో ఎవరో ఒకరు అన్నానికి ఎదురుచూస్తుంటారు కదా," అంది రత్నం.

ఆమె చేతిలో పడినందుకు నా బతుకు ధన్యమైంది. ఇప్పుడు తుక్కుకుప్ప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. కోసే మనిషి ఇంకా రాలేదు. అతని పేరు నాకూ తెలీదు. నాలో నూనె ఒక్క చుక్క లేదు. నిశ్చింతగా రావచ్చు.