శనివారం ఎలుక

మాది బొబ్బిలిలో ఇనప సామాన్ల కొట్టు. అయినా శనివారం చిన్న మేకు కూడా మా ఇంటి గడప దాటకూడదు. ఇది మా అమ్మ పార్వతీదేవి శాసనం. నాకు యాభై దాటినా, శనివారం వస్తే కొట్టు తాళాలు అరుగు మీద వదిలేసే లోపలికి పోతాను.

హుద్‌హుద్ తుఫానుకి విశాఖలో కరెంటు పోయిందని మా అమ్మాయి సింధూరి ల్యాబులోని ఎలుకను ప్లాస్టిక్ బోనులో పెట్టుకుని బస్సు దిగింది. ఆ రోజు శనివారం. సోమవారం భువనేశ్వర్‌లో ఎలుకకి స్కాను. ఈలోగా అది చస్తే పిల్ల పరిశోధన అంతా గంగపాలే.

"దీనికేటే రోగం?" అంది అమ్మ.

నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా! సింధూరి పాఠం మొదలెట్టింది. ఒంట్లో ఇనుమును దాచిపెట్టే ఫెర్రిటిన్ అనే ప్రోటీన్ ఉంటుందట. ఎలుక కణితిలో అది ఎక్కువగా తయారయ్యేలా చేశారట. కణితి ఇనుము పోగేసుకుని, ఎమ్మారై స్కానులో నల్లగా బయటపడుతుందట.

అమ్మ గుమ్మానికి చేతులు అడ్డం పెట్టింది. "శనోరం పూట ఇనుమా! బయటెట్టు దాన్ని."

"ఫెర్రిటిన్ అందరి ఒంట్లోనూ ఉంటాది నానమ్మా. నాన్నకి లేదేటి, నాకు లేదేటి?"

"అయితే మీరూ బయటే ఉండండి."

పాలు తెచ్చిన నా భార్య అనూరాధకీ అదే తీర్పు. సర్దిచెప్పడానికి వచ్చిన పురోహితుడు సంగతి విని, తన ఇంటికి పోవడానికీ జంకి మా పక్కనే చతికిలబడ్డాడు. అమ్మ మాత్రం మాకు అన్నాలు పెడుతూ లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది.

"మరి నీకు లేదేటి ఇనుం?" అన్నాను ఒళ్లు మండి.

"నేదని డాక్టరు సెప్పినాడు గందా! మాత్రలు రాసినాడు."

"మింగినావా?"

"మింగితే శనోరం నా గతేటి?"

పొద్దుగూకే వేళకి గోడ మీద పిల్లి ఒకటి బోనునే చూస్తూ కూర్చుంది. సింధూరి బోనుని ఒళ్లో దాచుకుని ఏడ్చేసింది.

అమ్మ వచ్చి బోను లాక్కుంది. "నా ఒంట్లో ఉండాల్సిన ఇనుం దీనికాడ ఉన్నాది. ఇంట్లో ఉండాల్సిందే ఇంట్లోకొస్తంది, కొత్తదేటి కాదు." ఎలుకతో గడప దాటేసింది.

మేమంతా ఆశగా లేచాం. తలుపు మూసుకుంది.

"మీకేటి తక్కువయింది?" అంది లోపల్నించి. "తెల్లారేక రండి."