మజాన్నాను ముంచిన ఆదివారం

ఈస్టర్ ముందు వచ్చే చావు ఆదివారం నాడు మజాన్నా అనే గడ్డిబొమ్మను ఏటిలో ముంచకపోతే చలికాలం ఊరు విడిచి పోదని ఆ ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఫాదర్ ఏటా చర్చిలో మందలిస్తూనే ఉంటాడు. అది క్రీస్తు పుట్టకముందటి చీకటి కాలపు చేష్ట అంటాడు, సిలువను నమ్మినవాళ్లు గడ్డిబొమ్మకు భయపడటం సిగ్గుచేటంటాడు. అందరూ తలలు వంచుకుని బుద్ధిగా వింటారు. మధ్యాహ్నం కాగానే అవే తలలకు రుమాళ్లు కట్టుకుని గడ్డిబొమ్మ వెంట నడుస్తారు. ఆ సమయానికి ఫాదర్ కూడా కిటికీ తెర పక్కకు జరిపి చూస్తాడని వంటమనిషి చెప్పింది గనుక ఆయన మందలింపును ఎవరూ మనసుకు పట్టించుకోరు.

యుద్ధం ముగిశాక వచ్చిన రెండో వసంతం అది. ఆ ఏడు చావు ఆదివారమూ, పగలూ రాత్రీ సరిసమానమయ్యే రోజూ ఒక్కటే అయ్యాయి. ఈసారి చలి పీడ విరగడ కాక తప్పదని ఊరంతా ఆశపడింది. ఒటీలియాకు ఆశపడే ఓపిక కూడా లేదు. భర్త యుద్ధం నుంచి తిరిగి రాలేదు. పెద్దకూతురు హిల్డా క్రిస్మస్ వెళ్లగానే గొంతు వాచి, ఊపిరందక పోయింది. ఇక మిగిలింది చిన్నది ట్రూడ్కా. అదీ మొన్నమొన్నటిదాకా అక్కలాగే దగ్గింది. దాని దగ్గు వినబడిన ప్రతిసారీ ఒటీలియా చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. ఇంట్లో ఇంకో మనిషి కూడా మిగిలింది, అత్త వలేస్కా, పిల్లలు స్టార్కా అని పిలిచే నాయనమ్మ. ఆమె మిగిలినందుకు ఒటీలియా దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్న రోజు లేదు.

చలికాలంలో చివరిగా చావు ఏ ఇంటికి వచ్చిందో ఆ ఇంటి బట్టనే బొమ్మకు తొడగాలని ఆ ఊరి ఆనవాయితీ. పోయిన మనిషి బట్ట తొడిగితే చావు దాని వెంటే పోతుందట, మళ్లీ ఆ ఇంటి దారి పట్టదట. ఆ ఆదివారం పొద్దున్నే పెలాగియా వచ్చి గుమ్మంలో నిలబడింది. మజాన్నాను కట్టడం, మోయడం, ముంచడం అన్నీ ఆమె చేతుల మీదే జరుగుతాయి.

"హిల్డా ఎర్ర గౌను ఇవ్వు, ఒటీలియా."

"ఇవ్వను. పాత దుప్పటి ఉంది, తీసుకెళ్లు."

"మీ ఇంట్లో పోయింది దుప్పటా?"

"అది నాది!" అని మంచం మీంచి లేచి కూర్చుంది ట్రూడ్కా. "నేను పెద్దయ్యాక నాకిస్తానంది అక్క."

వలేస్కా పెట్టె మూత ఎత్తింది. అడుగున మడతపెట్టి ఉన్న గౌను తీసి, ఒకసారి దులిపి, పెలాగియా చేతిలో పెట్టింది. అంచుకు తెల్లదారంతో పువ్వులు కుట్టిన ఉన్ని గౌను అది.

"మీరు కుట్టిందే కదత్తా," అంది ఒటీలియా. "ఇవ్వడానికి చేతులెలా వచ్చాయి మీకు?"

"కుట్టిన చేతులు గనకే వచ్చాయి. నీకు దాచుకుని ఏడవడం తప్ప ఏం చేతనవును? గౌను కావాలా, ఉన్న పిల్ల కావాలా? తేల్చుకో."

ఈ ముసలిదాని గుండె బండరాయి అనుకుంది ఒటీలియా. అలా అనుకోవడం ఆమెకు కొత్త కాదు. హిల్డాను పూడ్చిన రోజు ఊరంతా ఏడిచింది, వలేస్కా కంట మాత్రం చుక్క రాలేదు. ఆ సాయంత్రమే బంగాళాదుంపలు ఒలుచుకుని, ఉప్పు తక్కువైందని కోడలిని సణిగి మరీ తిన్నది. ఒటీలియా ఆ ముద్దలను మరిచిపోలేదు.

మధ్యాహ్నం ఊరేగింపు బయలుదేరింది. గడ్డి మజాన్నా ఎర్ర గౌనులో, గుడ్డు పెంకుల దండతో కర్ర మీద ఊగుతూ పోతుంటే ఒటీలియా తల ఎత్తలేదు. ట్రూడ్కా మాత్రం గౌను మీంచి కళ్లు తిప్పలేదు. ఏటి ఒడ్డున మంచు పలకలు ఇంకా అక్కడక్కడా తేలుతున్నాయి. బొమ్మకు నిప్పంటించారు. గడ్డి చెమ్మగా ఉండటంతో పొగ వచ్చిందే గాని మంట లేవలేదు. పెలాగియా విసుక్కుంటూ కాలీకాలని బొమ్మను అలాగే నీళ్లలోకి తోసేసింది. మరుక్షణం ఊరంతా ఏటికి వీపు తిప్పింది.

అక్కడి నుంచి పొలిమేర సిలువ దాటేదాకా ఎవరూ వెనక్కి చూడకూడదు. చూసినవాళ్ల కళ్లలో చావు తన కళ్లు పెడుతుంది. ఏడాది తిరిగేలోగా వాళ్లను గాని, వాళ్లతో ఒకే కప్పు కింద పడుకునేవాళ్లను గాని పట్టుకుపోతుంది. ఒక్కరితో సరిపెట్టుకుంటుంది, కానీ ఆ ఒక్కరిని వదలదు. మునుగుతూ ఊరికే మునగదు కూడా, తెలిసిన గొంతుతో పిలుస్తుంది. అందుకే పిల్లలను ముందు నడిపిస్తారు. ఆడపిల్లలు రిబ్బన్లు కట్టిన పచ్చకొమ్మను పట్టుకుని వసంతాన్ని ఊళ్లోకి తెస్తూ పాడుతుంటారు, పెద్దలు వాళ్ల వెనుక నడుస్తారు. ఒటీలియా కూడా ఒడ్డునే ట్రూడ్కా చెయ్యి వదిలి, "పో, పచ్చకొమ్మ దగ్గరికి పో," అని ముందుకు తోసింది.

సగం దారిలో వెనుక నుంచి ఒక కేక వినిపించింది.

"అమ్మా!"

పాట ఆగిపోయింది. ఒటీలియా నిలబడిపోయింది.

"నడవండి!" అని అరిచింది పెలాగియా. "అది పిలుస్తోంది. చెవులు మూసుకుని నడవండి!"

"అమ్మా! అమ్మా!"

ఒటీలియా ముందున్న రుమాళ్లన్నీ గబగబా వెతికింది. తండ్రి పాత చొక్కా చించి ట్రూడ్కాకు కట్టిన నీలం రుమాలు వాటిలో లేదు. "నా పిల్లేదీ? ట్రూడ్కా మీతో ఉందా?" అని అరిచింది.

"మాతో లేదు పిన్నీ," అంది ఒక పిల్ల తల తిప్పకుండానే.

ఒటీలియా మెడ తిరగబోయింది. అంతలో గట్టి చెయ్యి ఒకటి ఆమె చెంపను పట్టి ముందుకు నొక్కింది. ఏళ్ల తరబడి అవిసె నార దువ్వి దువ్వి కాయలు కాసిన చెయ్యి అది.

"తిరిగావో చంపేస్తా," అంది వలేస్కా చెవిలో. "దాని తల్లివి నువ్వు. నువ్వు పోతే దానికెవరే దిక్కు?"

"వదలండత్తా! అది నా పిల్ల గొంతు!"

"నాకు చెవుల్లేవా? తిరగడానికి నేనున్నానుగా."

చెంప మీంచి చెయ్యి పోయింది. చెక్కబూట్ల చప్పుడు వెనక్కి, ఏటివైపు పరుగెత్తింది. ఆ ముసలి కాళ్లు అలా పరుగెత్తగా ఒటీలియా ఎన్నడూ వినలేదు.

"మజాన్నా కాదే! మన పిల్లే!"

తర్వాత నీళ్లు చెదిరిన శబ్దం, మంచు పలక విరిగిన శబ్దం వినిపించాయి. ముసలిది ఏటిని, గౌనును, పెలాగియాను, చచ్చిన కొడుకును కలిపి తిట్టడం వినిపించింది. కాసేపు తిట్లు కూడా ఆగిపోయాయి. ఒటీలియాకు ముందుకు నడవడానికి కాళ్లు రాలేదు, వెనక్కి తిరగడానికి ధైర్యం రాలేదు. అలా ఊరివైపు చూస్తూ, తన కూతురు మునుగుతోందో తేలుతోందో వీపుతో వింటూ నిలబడింది. చుట్టూ ఊరు ఊరంతా అలాగే నిలబడింది. ఏట్లో దిగగల మగవాళ్లు అందులో పదిమంది ఉన్నారు. ఒక్కడి తలైనా తిరగలేదు.

చివరికి దగ్గు వినిపించింది. చలికాలమంతా ఏ దగ్గుకు హడలిపోయిందో ఆ దగ్గే ఇప్పుడు ఒటీలియాకు ప్రాణం పోసింది.

"ఏడవకు," అంటోంది వలేస్కా రొప్పుతూ. "అమ్మ వీపు కనిపిస్తోందా? దాన్నే చూస్తూ పో. నావైపు తిరిగావో, వీపు చిట్లగొడతా."

కొంతసేపటికి తడిచెయ్యి ఒకటి వెనుక నుంచి ఒటీలియా పావడాను పట్టుకుంది.

సిలువ దాటాక గాని ఎవరూ వెనక్కి చూడలేదు. అప్పటికి వలేస్కా సిలువకు అవతలే ఆగిపోయింది. గుండెలదాకా తడిసి ఉంది, చేతిలో సగం కాలిన ఎర్ర గౌను ఉంది. చెట్టు వేరుకు తట్టుకుని ఆగిన ఆ గౌను కోసమే పిల్ల వెనక్కి జారుకుని నీళ్లలో దిగింది.

"రండత్తా, ఇంటికి పోదాం."

"రాను. నేను తిరిగాను. మీతో ఒక కప్పు కింద ఎలా పడుకుంటాను?"

పెలాగియా నసిగింది. "అది సరే వలేస్కా, పిల్ల కూడా తిరిగిందేమో కదా..."

"పిల్ల చూసింది గౌనును. దాన్ని చూసింది నేను. సూటిగా కళ్లలోకి చూశాను, అదీ నన్ను చూసింది. మాకూ మాకూ మాట అయిపోయింది. పిల్ల సంగతి ఇంకెవరైనా ఎత్తారంటే, వాళ్లింటికే వచ్చి వాళ్ల మంచం మీదే పడుకుంటా."

మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వలేస్కా ఏటి పక్కన అవిసె నార ఆరబెట్టే పాకలోకి పోయి తలుపు వేసుకుంది.

ఒటీలియా పిల్లను దుప్పట్లలో చుట్టి పొయ్యి దగ్గర పడుకోబెట్టి, పొడిబట్టలూ కట్టెలూ వేడి చారూ పట్టుకుని పాకకు పరుగెత్తింది. వలేస్కా ముక్కాలిపీట మీద ఏటివైపు తిరిగి కూర్చుంది.

"గుమ్మంలో పెట్టి పో. కట్టెలు వద్దు."

"చలికి చచ్చిపోతారత్తా."

"గాలి ఊరివైపు కొడుతోంది. నా పొగ మనింటి మీదికే వస్తుంది." చారు చప్పరించిన చప్పుడైంది. "ఇప్పటికీ ఉప్పు వెయ్యడం నేర్చుకోలేదు నువ్వు. పిల్లెలా ఉంది?"

"వెచ్చబడింది."

"మరి ఇక్కడేం చేస్తున్నావు? పో."

ఆ తర్వాత రోజూ ఒటీలియా గిన్నె తీసుకుని వెళ్లింది. రోజూ ఇంటికి రమ్మని బతిమాలింది. వలేస్కా మొహం ఇటు తిప్పకుండానే, చెయ్యి మాత్రం వెనక్కి చాచి గిన్నె అందుకునేది. ఇంకా కోపమే కాబోలనుకునేది ఒటీలియా. ముసలిదాని గొంతు రోజురోజుకూ బొంగురుపోయింది, దగ్గు మొదలైంది. చెయ్యి పట్టి లాక్కొస్తే వలేస్కాకు విడిపించుకునే బలం లేదు. ఆ సంగతి ఒటీలియాకు తెలుసు. అయినా లాగలేదు. రమ్మని నోటితో పిలుస్తూనే, ఎక్కడ సరేనంటుందోనని లోపల భయపడింది. కాదన్న ప్రతిసారీ ఆమె గుండె తేలికపడేది. అలా తేలికపడినందుకు దారి పొడవునా తనను తాను తిట్టుకునేది. ఇల్లు చేరి ట్రూడ్కా నుదురు తాకి చూసేసరికి ఆ తిట్లు మరిచిపోయేది.

ఏటి చలికి పిల్లకు వచ్చిన జ్వరం దిగింది. లేచి కూర్చుని బంగాళాదుంపలు అడిగింది. అంతకుముందే ఆడపిల్లలు పచ్చకొమ్మతో ఇల్లిల్లూ తిరిగి వాళ్ల ఇంటికీ వచ్చి పాడారు. వలేస్కా ఇంట్లో అడుగు పెట్టలేదు గనుక ఆ ఇంటికి దోషం లేదని పెలాగియా తేల్చింది. ఒటీలియా వాళ్లకు గుడ్లు ఇచ్చి, ఒక రెమ్మ తుంచి గుమ్మానికి కట్టుకుంది. బతికింది, నా పిల్ల బతికింది అని పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషపు ఏడుపే.

మర్నాడు తెల్లవారేసరికి మళ్లీ మంచు కురిసి ఉంది. మునిగిన చలికాలానికి ఎవరి లెక్కా లేదు. ఒటీలియా గిన్నె తీసుకుని పాకకు వెళ్లింది. వలేస్కా అలాగే ఏటివైపు తిరిగి కూర్చుంది. ఈసారి చెయ్యి వెనక్కి రాలేదు.

"అత్తా," అని భుజం తాకింది. ఆ శరీరం కట్టెలా బిగుసుకుపోయి ఉంది.

పాక గోడలకు ఎండిన పలకల మధ్య వేలు దూరేంత సందులున్నాయి. ఏటివైపు సందుల్లోంచి మంచు లోపలికి పడి ముసలిదాని ఒళ్లో పేరుకుంది. ఆ సందుల్లో ఒక్కటీ ఆమె మూసుకోలేదు. ఊరివైపు గోడలో మాత్రం ఉన్న ఒక్క పగులులో ఎర్ర గౌను కుక్కి ఉంది. ఒటీలియా దాన్ని లాగి కన్ను పెట్టి చూసింది. అందులోంచి తమ ఇల్లు కనిపించింది. పొగ వస్తున్న గొట్టం, గుమ్మానికి కట్టిన పచ్చరెమ్మ కూడా కనిపించాయి.

చావు కళ్లు పడ్డ ఆ కళ్లు పొరపాటున కూడా ఇంటి మీద పడకుండా ముసలిది గోడకు గుడ్డ కుక్కుకుంది. కోపమని తాను ఇన్నాళ్లూ అనుకున్నది కోపం కాదు. ఒటీలియా ఆ గౌనులో మొహం దాచుకుని, హిల్డా కోసం కూడా ఏడవనంతగా గొంతెత్తి ఏడ్చింది.

తర్వాత లేచి అత్తను వీపు మీదికి ఎత్తుకుంది. సిలువ దగ్గర పెలాగియా ఎదురొచ్చింది. ఒటీలియా వీపు మీద ఉన్నది చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"అయ్యో, పోయిందా! ఇలా నేరుగా శ్మశానానికే తీసుకుపో ఒటీలియా. నేను ఫాదర్‌ను పిలుస్తా. ఇంట్లోకి మాత్రం వద్దే, ఆ కళ్లలో చావు ఇంకా ఉందేమో. ఇంట్లో పిల్లుంది!"

"తెలుసు," అంది ఒటీలియా. ఆగలేదు.

గుమ్మం దగ్గర మాత్రం ఆగింది. తలుపు తెరుచుకుని ట్రూడ్కా నిలబడి ఉంది, నీలం రుమాలు, బుగ్గల మీద కొత్తగా వచ్చిన రంగు. ఆ బుగ్గలు చూడగానే పాత భయం ఒటీలియాను మళ్లీ పట్టుకుంది. అది పోలేదు, రవ్వంత తగ్గనైనా లేదు.

"స్టార్కా నిద్రపోయిందా అమ్మా?"

ఒటీలియా పచ్చరెమ్మ తలకు తగలకుండా వంగి, వీపు మీది మనిషితో గుమ్మం దాటింది. పొయ్యి పక్కన, తన పక్క మీదే అత్తను పడుకోబెట్టి, ఎర్ర గౌనును ఆమె పాదాల మీద కప్పి, రెండు కట్టెలు ఎగదోసింది.

"తలుపెయ్యి ట్రూడ్కా," అంది. "స్టార్కాకు చలేస్తుంది."